పెంపుడు కుక్కల యాహారమును గూర్చిన హెచ్చరికలు

మానవునితో గలసి నివసించు జంతువులలో కుక్క మిక్కిలి ప్రాచీనమైనది. ఆవును పాలకొఱకును, ఎద్దును దుక్కికొఱకును, కోడిని గ్రుడ్డుకొఱకును పెంచుదుము. కుక్క మాత్రము కావలి కాయుటయే గాక మన యింటివారిలో నొకటియై మెలగును. సువార్తయందు బల్లక్రింద పడు రొట్టెముక్కలను తిను కుక్కపిల్లల ప్రస్తావము మన పాఠశాలలో నందఱు వినినదే. ఆ మాటయందలి లోకజ్ఞానమును మాత్రమే యిచ్చట గ్రహింతము. బల్లమీద మనము తినునదియు, బల్లక్రింద కుక్క తినునదియు నొకే పిండినుండి వచ్చినవి. కావున నొకదానికి కలిగిన చెఱుపు రెండవదానికిని హెచ్చరిక కావచ్చును. ఈ వ్యాసమున చెప్పబోవు విషయమంతయు నీ యొక్క మాటకు వివరణమే.

కొన్ని యేండ్ల క్రిందటివఱకు మన కొత్తవలస చుట్టుపట్ల చాల యిండ్లలో కుక్కకు వేఱుగ తిండి కొను వాడుక లేదు. మిగిలిన యన్నము, గంజి, చోడి యంబలి, పండుగనాడు ఎముకలు, ఇవియే దాని భోజనము. ఇప్పుడు చిన్న యూళ్ళలో సహితము ప్యాకెట్లలో వచ్చు బిళ్ళల తిండి దుకాణములలో దొరకుచున్నది. అందులో మొక్కజొన్న, గోధుమ, బియ్యపు నూక, సోయా, మాంసపు పొడి, నూనె, విటమినుల మిశ్రమము మున్నగునవి చేరును. కొంత సరకు విదేశములనుండి వచ్చును. కొంత మన దేశముననే తయారగును. రెండు రైలుదారులు కలియు కొత్తవలస వంటి జంక్షనుకు సరకు చేరుట సులభము. అయితే సరకు వచ్చిన దారినే దానిని గూర్చిన సమాచారము రాదు. ఒక సంచిలో దోషమున్నదని తయారుచేసినవారికి తెలిసిన దినమునకును, ఆ వార్త యా సంచిని తెఱచిన యింటికి చేరు దినమునకును నడుమ కుక్క రెండు పూటల తినుచునే యుండును. ఈ యెడమును తగ్గించుకొను మార్గమును తెలిసికొనుటయే మన యుద్దేశము.

వెనుకకు రప్పించుట యన నేమి?

కర్మాగారమున ఒక దినమున, ఒక యంత్రముమీద, ఒకే దినుసుల కలయికతో తయారైన సరకునకు బ్యాచి అని పేరు. ప్రతి బ్యాచికిని ఒక సంఖ్య యుండును. దానిని, తయారైన తేదీని, ఎంతకాలములోపల వాడవలయునో ఆ తేదీని సంచిమీద ముద్రింతురు. ఏదేని యొక బ్యాచిలో విషముగాని, రోగక్రిములుగాని, కలుపరాని వస్తువుగాని యున్నట్లు తెలిసిన యెడల, తయారుచేసినవారు ఆ సంఖ్యగల సరకును దుకాణములనుండియు, కొనినవారి యిండ్లనుండియు వెనుకకు రప్పింతురు. దీనినే యాంగ్లమున రీకాల్ అందురు. ఆ పేరు గల తిండి యంతయు చెడ్డదని దాని యర్థము కాదు. ఆ సంఖ్యగల సంచులను మాత్రము వాడకుడని యర్థము. కావున సంఖ్య తెలియనివానికి ప్రకటన తెలిసియు ప్రయోజనము లేదు.

అమెరికాదేశమున ఆహార ఔషధముల పరిపాలన సంస్థ యిట్టి ప్రకటనలను మూడు తరగతులుగ విభజించుచున్నది. వాడినచో తీవ్రమైన హానియో మరణమో కలుగు నవకాశము గలవి మొదటి తరగతి. తాత్కాలికమైన, చికిత్సచే కుదురు హాని కలిగింప దగినవి రెండవ తరగతి. హాని కలుగు నవకాశము లేకున్నను నిబంధనలకు విరుద్ధమైనవి మూడవ తరగతి. మిక్కిలి తఱచుగ తయారుచేసినవారే స్వయముగ సరకును వెనుకకు రప్పింతురు. వారు నిరాకరించిన పక్షమున బలవంతముగ రప్పించు నధికారము ఆ సంస్థకు 2011 సంవత్సరపు చట్టమువలన కలిగెను. ఐరోపాదేశములలో ఆహారమును, పశువుల దాణాను గూర్చి దేశమునుండి దేశమునకు శీఘ్రముగ హెచ్చరిక పంపుకొను నేర్పాటు 1979 నుండి కలదు.

బూజునందలి విషము

కుక్కల యాహారమునకు కలుగు దోషములలో మన ప్రాంతమువారు మొట్టమొదట నెఱుగవలసినది బూజు విషము. తడిసిన మొక్కజొన్న, వేరుసెనగ గింజలు, వానినుండి తీసిన తెలకపిండి మున్నగువానిమీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చని బూజు పెరుగును. అది యఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. ఈ విషము కాలేయమును చెఱచును. కంటికి బూజు కనబడకున్నను విషము గింజలో నిలిచియుండవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమన, అంబలి కాచినను, రొట్టె కాల్చినను అది పూర్తిగ నశింపదు.

ఈ విషమునకు పేరు పెట్టకమునుపే కుక్కలు దానికి బలియైనవి. 1952 ప్రాంతమున అమెరికా యాగ్నేయ రాష్ట్రములలో కుక్కలు కాలేయము చెడి చనిపోవుట పశువైద్యులు గమనించిరి. కారణము తెలియక ఆ జాడ్యమును హెపటైటిస్ ఎక్స్ అని వ్యవహరించిరి. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయెను. అవి తినిన దాణాలో బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ పిండి యున్నట్లును, ఆ పిండిలో బూజు విష మున్నట్లును పరిశోధకులు కనుగొనిరి. ఆ తరువాతనే మొదటి కుక్కల జాడ్యమునకును ఇదియే కారణమని తేలెను. కుక్కలు ముందు తెలిపిన వార్తను మనుష్యులు గ్రహించుటకు పది సంవత్సరములకు పైబడి పట్టెను.

మన దేశమున 1974 శరత్కాలమున జరిగిన దుర్ఘటన యింతకంటె శోచనీయమైనది. గుజరాతులోని పంచమహల్ జిల్లాయందును, రాజస్థానములోని బాంస్వాడా జిల్లాయందును 200లకు పైగా గ్రామములలో నిరుపేదలైన ఆదివాసులకు కామెర్లును, జలోదరమును సోకెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ గ్రామములకు వెళ్ళి పరీక్షింపగా, 397 మంది వ్యాధిగ్రస్తులైనట్లును, వారిలో 106 మంది మరణించినట్లును లెక్క తేలెను. అకాల వర్షమునకు తడిసి, సరిగా నాఱక నిలువచేయబడిన మొక్కజొన్నయే వారి యాహారము. ఆ గింజలలో కిలో ఒక్కింటికి 6 మిల్లీగ్రాములు మొదలు 15 మిల్లీగ్రాముల వఱకు విషము కనబడెను. పెంపుడు జంతువుల తిండిలో అమెరికావారు సహించు గరిష్ఠ పరిమాణము కిలోకు 20 మైక్రోగ్రాములు, అనగా మిల్లీగ్రాములో ఏబదియవ వంతు మాత్రమే. దానితో పోల్చిన, ఆ గ్రామములవారు తినిన గింజలలో కనిష్ఠ పరిమాణమే సుమారు మూడువందల రెట్లుండెను.

ఆ గ్రామములలో ఇంటివారితోబాటు ఆ యాహారమును పంచుకొన్న కుక్కలకును అదే వ్యాధి సోకి, అవియు మరణించెను. ఒకే కుండలోని యన్నము తినిన యజమానియు, కుక్కయు నొకే రీతిని కడుపుబ్బి, కన్నులు పచ్చబడి చనిపోయిన దృశ్యము వైద్యశాస్త్రమున నిలిచిపోయిన గొప్ప పాఠము. ఇంటిలో కుక్క తిండి మాని వాంతి చేసికొనుచున్న యెడల, అది కుక్క వ్యవహారము మాత్రమే యనుకొనరాదు.

మన యుత్తరాంధ్రమున మొక్కజొన్నయు, వేరుసెనగయు పండును. ఆశ్వయుజ కార్తిక మాసములలో తుపానులు వచ్చుట మనకు క్రొత్త కాదు. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్హుద్ తుపాను మనవారు మఱవలేదు. కళ్ళములో తడిసిన గింజలను తినుటకు పనికిరావని వేఱుచేసి కుక్కకో, కోళ్ళకో, ఆవుకో వేయుట వాడుక. ఇది యుపకారము గాదు. పాడియావు విషముగల దాణా తినినచో ఆ విషము రూపము మాఱి పాలలో దిగును. ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు 2018లో దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపగా, 368 నమూనాలలో ఈ విషము పరిమితిని మించి కనబడెను. కుక్కకు తగనిది యావుకు వేసిన, మఱల మన పిల్లల గిన్నెలోనికే వచ్చునని యెఱుంగుడు.

ప్యాకెట్ల తిండిలో జరిగిన ప్రమాదములు

కర్మాగారమున తయారైన తిండి యీ యాపదకు లోబడదని తలపరాదు. 2005 డిసెంబరు నెలలో అమెరికాలోని డైమండ్ అను సంస్థ, దక్షిణ కరొలినా రాష్ట్రమున తయారైన కుక్కల తిండిని వెనుకకు రప్పించెను. మొక్కజొన్నలోని బూజు విషమే కారణము. నూఱింటికి పైగా కుక్కలు మరణించెను. 2020 డిసెంబరులో మిడ్‌వెస్టర్న్ అను మఱియొక సంస్థ తన స్పోర్ట్‌మిక్స్ తిండిని అదే కారణమున వెనుకకు రప్పించెను. మఱుసటి జనవరి నాటికి నూటపదికి పైగా కుక్కలు మరణించినట్లు ప్రభుత్వ సంస్థకు సమాచారము లందెను. అన్నియు నీ విషమువలననే యని నిరూపింపబడలేదు. పదునైదేండ్ల నడుమ ఒకే రీతి ప్రమాదము మరల జరిగినదని గమనింపుడు. బూజు ప్రతి పంటకును క్రొత్తగ వచ్చునది. కావున జాగరూకతయు ప్రతి పంటకును క్రొత్తగ నుండవలయును.

రెండవ విధమైన ప్రమాదము మనుష్యుని లోభమువలన కలిగినది. పిండిలో మాంసకృత్తులెంత యున్నవో తెలిసికొనుటకు వాడుకలోనున్న పరీక్ష, నిజమునకు మాంసకృత్తులను కొలువదు. అందలి నత్రజనిని కొలిచి దానినిబట్టి లెక్కకట్టును. మెలమీను అను రసాయనము ప్లాస్టికు సామగ్రి చేయుటకు పనికివచ్చునది. దాని బరువులో మూడింట రెండు పాళ్ళు నత్రజనియే. దీనిని పిండిలో కలిపినచో సత్తువలేని పిండి సత్తువగలదిగ పరీక్షకు కనబడును. చైనాలో కొందఱు వర్తకులు ఇట్లు కలిపిన గోధుమ పిండిని గోధుమ గ్లూటెన్ అను పేర నమ్మిరి. కెనడాలోని మెన్యూ ఫుడ్స్ అను సంస్థ దానిని వాడి పిల్లులకును, కుక్కలకును తడి తిండి తయారుచేసెను. మూత్రపిండములు చెడి జంతువులు చనిపోవుచున్నవని తెలియగా 2007 మార్చి 16వ తేదీని ఆ సంస్థ 6 కోట్లకు పైగా డబ్బాలను, పొట్లములను వెనుకకు రప్పించెను. దుకాణములలో వేర్వేఱు పేర్లతో, వేర్వేఱు వెలలకు అమ్మబడుచున్న తిండ్లు పెక్కులు ఒకే కర్మాగారమునుండి వచ్చినవని ఆనాడు కొనువారికి తెలిసెను. ఎక్కువ వెల యిచ్చినవానికిని, తక్కువ వెల యిచ్చినవానికిని విషము సమానముగనే యుండెను.

మెలమీను ఒక్కటియే అంత ప్రమాదకరము కాదు. దానితో సయనూరిక్ ఆమ్లము కలిసినప్పుడు మూత్రపిండములలోని సన్నని నాళములయందు స్ఫటికములేర్పడి, నాళములు మూసికొనిపోవును. ఈ సంగతి తెలిసిన పిమ్మట, 2004లో ఆసియాదేశములు కొన్నింటిలో చనిపోయిన కుక్కల మూత్రపిండములను మఱల పరీక్షించిరి. వానిలోను అవే స్ఫటికములు కనబడెను. 2004లో బూజు విషమే కారణమని యూహించి యూరకుండుటచే, అసలు కారణము మూడేండ్లు మఱుగుననే యుండెను.

తరువాతి కథ యింకను దుఃఖకరము. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడియందు ఇదే మెలమీను బయటపడెను. మూడు లక్షల మంది శిశువులు వ్యాధిగ్రస్తులైరి. ఆఱుగురు మరణించినట్లు ప్రభుత్వమే యొప్పుకొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరునందే మన ప్రభుత్వము చైనానుండి పాలు, పాల వస్తువులు దిగుమతి చేయుటను నిషేధించెను. ఏడాది క్రిందట కుక్కల గిన్నెలలో కనబడిన మోసమే శిశువుల గిన్నెలలో కనబడినది. కుక్కల తిండి వార్తలను చదువుట పనిలేనివారి ముచ్చటయని నవ్వువా రీ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి యాలోచింపవలయును.

ఇతర ప్రమాదములను సంగ్రహముగ చెప్పెదను. 2012లో డైమండ్ సంస్థవారి యెండు తిండిలో సాల్మొనెల్లా అను క్రిమి చేరి, అమెరికా కెనడాలలో 49 మంది మనుష్యులకు వ్యాధి సోకెను. వారు కుక్కతిండిని తినినవారు కారు. ఆ తిండిని ముట్టి, చేతులు కడుగుకొననివారును, దానిని తినిన జంతువులతో మెలగినవారును కావచ్చును. 2019లో హిల్స్ సంస్థవారి డబ్బాల తిండిలో డి విటమిను మితిమీఱి చేరినందున ఆ డబ్బాలు వెనుకకు రప్పింపబడెను. మేలుచేయు విటమినుసైతము కొలత తప్పినచో మూత్రపిండములకు చేటు.

మన దేశపు చట్టములు

భారతదేశమున ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 2006లో చేయబడెను. చెడిన యాహారమును వెనుకకు రప్పించు విధానమును గూర్చి 2017లో నిబంధనలు వెలువడెను. అయితే యా చట్టమున ఆహార మను మాటకు చెప్పిన యర్థములో పశువుల దాణా చేరదని స్పష్టముగ వ్రాయబడియున్నది. కుక్కల పిల్లుల తిండికి భారత ప్రమాణముల సంస్థవారు ప్రత్యేక ప్రమాణము నేర్పఱచిరి. కాని యిట్టి ప్రమాణములు సాధారణముగ ఐచ్ఛికములు. ప్రభుత్వము ప్రత్యేకముగ నుత్తరువు చేసిననే నిర్బంధము లగును.

అట్లని కొనువానికి దిక్కు లేదనరాదు. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము సరకులన్నిటికిని వర్తించును. కుక్క తిండియు సరకే. ఆ చట్టముక్రింద 2020 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ యేర్పడెను. ప్రమాదకరమైన సరకును వెనుకకు రప్పింపుడనియు, సొమ్ము తిరిగి యిండనియు విచారణానంతరము ఆజ్ఞాపించు నధికారము దానికి కలదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి యెవరైనను తెలుగులో ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. కాని ఫిర్యాదు చేయువానిచేత ప్యాకెట్టును, కొనిన రసీదును ఉండవలయును. ఇవి లేని ఫిర్యాదు సాక్షి లేని వ్యాజ్యము వంటిది.

గృహస్థులు చేయదగిన పనులు

మొదటిది. సంచిని విప్పినతోడనే తిండిని డబ్బాలో పోసి సంచిని పాఱవేయుట మన యిండ్లలో వాడుక. ఇట్లు చేసిన, బ్యాచి సంఖ్య చెత్తలో కలిసిపోవును. తిండిని సంచితో సహా డబ్బాలో నుంచుట మేలు. లేనిచో సంఖ్యను, తేదీలను ఒక చీటిమీద వ్రాసి డబ్బాకు అంటింపవలయును, లేదా ఫోనుతో ఫొటో తీసి యుంచుకొనవలయును. తిండి యైపోయిన పిమ్మటగూడ ఒక నెలవఱకు ఆ చీటిని దాచుట మంచిది. ఏలయన వార్త సరకుకంటె నెమ్మదిగ వచ్చును.

రెండవది. పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన అమ్ము తిండిని కొనకుండుట శ్రేయము. వెల కొంచెము తక్కువయగుట నిజమే. కాని యా పొట్లమునకు పేరు లేదు, తేదీ లేదు, సంఖ్య లేదు. ఎంతకాలము గాలి తగిలినదో తెలియదు. వెనుకకు రప్పించు ప్రకటన వెలువడినను అది మన పొట్లమునకు చెందునో చెందదో చెప్పగలవా డెవ్వడును లేడు. విడిగా కొనక తప్పనివారు దుకాణదారుని పెద్ద సంచి చూపుమని యడిగి, దానిమీది సంఖ్యను వ్రాసికొనవలయును. మంచి వర్తకు డందులకు కోపగింపడు.

మూడవది. వార్త నెచ్చట తెలిసికొనవలయునో ముందే యెఱిగియుండవలయును. విదేశపు సరకైనచో అమెరికా ఆహార ఔషధ సంస్థవారు వెనుకకు రప్పింపబడిన తిండ్ల పట్టికను తేదీలతో ప్రకటించుచుందురు. దానిని నెలకొక్కమాఱైనను చూడవచ్చును. స్వదేశపు సరకైనచో తయారుచేసినవారి ప్రకటనలును, సంచిమీద ముద్రించిన ఫోను సంఖ్యయు నాధారములు. సరకు కొను దుకాణదారునకు మన ఫోను సంఖ్య నిచ్చి, యేదేని యుత్తరువు వచ్చిన తెలుపుమని కోరుట సులభమైన యుపాయము. పశువైద్యుని యొద్ద అనేకుల కుక్కలు చికిత్సకు వచ్చును గనుక, ఒకే విధమైన జబ్బు నాలుగిండ్లలో కనబడిన సంగతి ముందుగ నెఱుగువాడు ఆయనయే.

నాలుగవది. ప్రకటన వెలువడినదని తెలిసిన యెడల ముందు పేరును, తరువాత బ్యాచి సంఖ్యను, తేదీని సరిచూడవలయును. మూడును కలిసినచో ఆ పూటనుండియే తిండిని మానిపింపవలయును. మిగిలిన తిండిని సంచితో సహా కట్టి, పిల్లలకును జంతువులకును అందనిచోట దాచవలయును. దానిని పెంటమీద పోయరాదు. వీధికుక్కలును, పందులును, కాకులును తినును. మన కుక్కను రక్షించుకొని వీధికుక్కను చంపుట ధర్మము గాదు. కుక్క గిన్నెను, తిండి పోసిన డబ్బాను సబ్బుతో కడిగి యెండబెట్టి, చేతులు శుభ్రపఱచుకొనవలయును.

అయిదవది. కుక్కను కొన్నిదినములు కనిపెట్టి చూడవలయును. తిండి మానుట, వాంతులు, నీరసము, కన్నులును చిగుళ్ళును పచ్చబడుట, మూత్రము ముదురు రంగుగ నగుట, విరేచనములో రక్తము పడుట కాలేయము చెడుటకు గుఱుతులు. మితిమీఱిన దప్పిక, మాటిమాటికి మూత్రము పోయుట మూత్రపిండముల వ్యాధికి గుఱుతులు. ఇవి కనబడినచో పసరు మందులతో కాలము గడపక పశువైద్యశాలకు గొనిపోవలయును. వెంట ప్యాకెట్టునుగూడ తీసికొనిపోవలయును. మన జిల్లాలోనే గరివిడియందు పశువైద్య కళాశాల కలదు. సంచార పశువైద్యశాలలకై 1962 అను ఉచిత ఫోను సంఖ్యయు కలదు.

ఆఱవది. ఇంట వండిపెట్టువారు ప్రకటనలకొఱకు ఎదురుచూడ నక్కఱలేదు. పంపువా రెవ్వరును లేరు. వారికి వారే పరీక్షాధికారులు. బూజు పట్టిన రొట్టెను, ముక్కిన నూకలను, తడిసి యాఱిన మొక్కజొన్నను, ముద్దగట్టిన తెలకపిండిని కుక్కకు పెట్టరాదు. గింజలను బాగుగ నెండబెట్టి, నేలకు తగులకుండ బల్లమీద నుంచి, వానకాలమున తఱచుగ చూచుచుండవలయును. ప్యాకెట్టు తిండికిని ఇదే నియమము. రెండు మూడు వారములలో నైపోవునంత సంచినే కొనుట మేలు.

వదంతులను గూర్చి

ఇంత చెప్పిన పిమ్మట ఒక యెదురు హెచ్చరికయు నవసరము. ఫలానా తిండి తినిన కుక్కలన్నియు చచ్చిపోవుచున్నవని ఫోనులలో తిరుగు సందేశములు పెక్కులు. వానిలో తేదీ యుండదు, బ్యాచి సంఖ్య యుండదు, ప్రకటించిన సంస్థ పేరుండదు. కొన్ని పది సంవత్సరముల క్రిందటి వార్తలు నేటివిగ మరల తిరుగును. నిజమైన ప్రకటనలో సరకు పేరు, పరిమాణము, బ్యాచి సంఖ్య, తేదీ, దోషము, కొనినవారు చేయదగిన పని, ఈ యాఱును తప్పక యుండును. వీనిలో నేవియు లేని సందేశమును ఇతరులకు పంపుట తప్పు. ఒక వర్తకుని జీవనము నూరక చెఱుపుట యొక దోషము. అబద్ధపు కేకలకు అలవాటుపడిన జనులు నిజమైన కేకను లక్ష్యపెట్టకుండ చేయుట యంతకంటె పెద్ద దోషము.

మఱియు సరకును వెనుకకు రప్పించిన సంస్థ మోసగాండ్రదని యెంచరాదు. తప్పు తెలిసినతోడనే చాటి చెప్పినవాడు, తెలిసియు దాచినవానికంటె నమ్మదగినవాడు. ఎంత త్వరగ చెప్పెను, ఎంత స్పష్టముగ చెప్పెను, సొమ్ము తిరిగి యిచ్చెనా యను మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానములనుబట్టి సంస్థను తూచవలయును.

విద్యార్థులకు మనవి

ప్రియ విద్యార్థులారా, ఈ పని పెద్దలది, మనకేల యనుకొనకుడు. సంచిమీది యక్షరములు మిక్కిలి సన్ననివి. తఱచుగ ఆంగ్లమున నుండును. మన గ్రామములలో ఆ యక్షరములను చదువగల వ్యక్తి యనేక గృహములలో ఉన్నత పాఠశాలలో చదువుకొను బిడ్డయే. కుక్కకు తిండి తెచ్చిన దినమున ఆ బిడ్డ సంచిని తిరుగవేసి, బ్యాచి సంఖ్యను, తేదీని చదివి, నోటుపుస్తకమున వ్రాసిన చాలును. ఆ యలవాటే రేపు తమ్ముని పాలపొడి డబ్బామీదను, నాయనమ్మగారి మందు సీసామీదను, పొలమునకు తెచ్చిన పురుగుమందు డబ్బామీదను కన్ను నిలుపును. మన తరగతులలో విజ్ఞానశాస్త్ర సంఘమువారు గోడపత్రికమీద ఒక మూల నిందుకు కేటాయించి, నెలకొక్కమాఱు నిజమైన ప్రకటనలను తేదీతో వ్రాసి యుంచిన యెడల, పదిమంది యిండ్లకు వార్త చేరును.

కుక్క తన గిన్నెలో నేమున్నదో యడుగ నేరదు. మనము పెట్టితిమి గనుక అది తినును. దాని నమ్మక మంతియే. తిండి పెట్టుటతో మన పని ముగియలేదనియు, పెట్టిన దేమో తెలిసికొనుటయు మన ధర్మమేననియు చదువరులు గ్రహింతురుగాక.